వరద కంటే ముందు చేరవలసిన డబ్బు

2024 ఆగస్టు 31 శనివారం. మర్నాడు ఆదివారం కావడంతో సెప్టెంబరు నెల పింఛన్లను ఒక రోజు ముందే పంచాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. విజయవాడలో అప్పటికే ఎడతెరిపి లేని వాన. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయింది కూడా ఆ రోజే. తెల్లవారితే సెప్టెంబరు 1. ఆ రోజు బుడమేరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీల మీదికి వచ్చింది. శనివారమే పింఛను అందుకోగలిగిన వృద్ధుల దగ్గర ఆ పూట నాలుగు వేల రూపాయలున్నాయి. ఒకటో తారీఖు మరో వారంలో పడి ఉంటే, పంపిణీకి బయలుదేరవలసిన సిబ్బంది కూడా ఆ నీళ్లలోనే ఉండేవారు.

అంటే ఆ వృద్ధులకు సకాలంలో అందిన సాయం విపత్తు ప్రణాళిక వల్ల వచ్చింది కాదు. క్యాలెండరులో ఆదివారం పడటం వల్ల వచ్చింది. యాదృచ్ఛికంగా జరిగిన ఆ పనిని ఒక పద్ధతిగా మార్చుకోవచ్చని, మార్చుకోవాలని చెప్పడానికే ఈ వ్యాసం. పేద వృద్ధులకు ఆపదలో ఇచ్చే డబ్బుకు కొత్త దరఖాస్తు, కొత్త సర్వే, కొత్త జాబితా అక్కరలేదు. ప్రతి నెలా ఇంటి గుమ్మం దాకా వెళ్తున్న పింఛను దారిలోనే ఆ డబ్బు కూడా వెళ్లగలదు. అయితే అది నీళ్లు తీసిన తర్వాత కాకుండా నీళ్లు రాకముందే వెళ్లాలి.

ముందుగా ఆ వరద సంగతి చూద్దాం. డబ్బు ఎప్పుడు చేరాలన్న ప్రశ్నకు జవాబు నీళ్లు నడిచే తీరులోనే ఉంది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. విజయవాడను దాని పోటు నుంచి తప్పించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. అక్కడి నుంచి తవ్విన మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. మామూలు వానలకు ఈ ఏర్పాటు పనిచేస్తుంది. చిక్కంతా కృష్ణ, బుడమేరు ఒకేసారి పొంగినప్పుడే. నదిలో మట్టం పెరిగితే కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎదురుతంతాయి, గట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. 2024లో జరిగింది అదే. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. 1957లో బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంతటి ప్రవాహం లేదు. కృష్ణలంక వైపు కట్టిన రక్షణ గోడ నదిని చాలావరకు ఆపింది కానీ, ఊరి ఉత్తరపు కొస వెనక నుంచి వచ్చిన నీళ్లలో మునిగింది. సైన్యం వచ్చి చివరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. కొన్ని వీధుల్లో కింది అంతస్తులు వారానికి పైగా నీళ్లలోనే ఉన్నాయి.

కింది అంతస్తుల్లో ఎవరుంటారు? అద్దె తక్కువని పేదలుంటారు. మెట్లెక్కలేరని వృద్ధులుంటారు. పేదలూ వృద్ధులూ అయినవారికి ఆ రెండు కారణాలూ ఉంటాయి.

వరదను వృద్ధుల శరీరం తట్టుకునే తీరు వేరు. దప్పిక సంగతి తీసుకుందాం. 1984లో అచ్చయిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో ఆరోగ్యవంతులైన యువకులను, 67 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న పురుషులను 24 గంటలపాటు నీళ్లు లేకుండా ఉంచి చూశారు. వృద్ధుల రక్తంలో నీటి కొరత స్పష్టంగా ఉన్నా వారికి దప్పిక అంతగా వేయలేదు. తర్వాత నీళ్లిచ్చినా లోటు పూడేంతగా తాగలేదు. చుట్టూ మురికి నీళ్లు, మంచినీటి సీసా కోసం పడవ వైపు చెయ్యి చాచాల్సిన స్థితి, పైగా లోపలి నుంచి దప్పిక హెచ్చరిక లేకపోవడం. ఈ మూడూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినడానికి రెండు మూడు రోజులు చాలు. వాడని ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య భద్రపరచాలి. కరెంటు పోతే ఆ చల్లదనం ఉండదు. రక్తపోటు మాత్రలు కొన్నిటిని ఉన్నట్టుండి ఆపితే గుండె మీద భారం ఒక్కసారిగా పడుతుంది. వయసుతో పలచబడిన చర్మం మురికి నీళ్లలో త్వరగా చిట్లుతుంది. మధుమేహమున్న కాలికి ఆ చిన్న గాయమే ప్రమాదం.

2005లో అమెరికాలో కత్రినా తుపాను లూసియానాను ముంచినప్పుడు చనిపోయినవారిలో దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవారే. సంపన్న దేశంలో కూడా నీళ్లు ముందుగా వెతికి పట్టుకున్నది ముసలివాళ్లనే.

ఇక్కడ కాలం విలువ తెలుస్తుంది. మందుల దుకాణం తెరిచి ఉన్నప్పుడు చేతిలో రూ.500 ఉంటే నెలకు సరిపడా మాత్రలు వస్తాయి. ఆటోకు రూ.300 ఉంటే నున్న వైపో గన్నవరం వైపో చుట్టాలింటికి వెళ్లవచ్చు. మూడు రోజుల తర్వాత ఆటో లేదు, దుకాణం లేదు. మూడు వారాల తర్వాత వచ్చే పాతిక వేలు ఇల్లు బాగు చేసుకోవడానికి పనికొస్తాయి. ఆ మూడు రోజుల్లో జరిగిన నష్టాన్ని మాత్రం అవి పూడ్చలేవు.

2024 సాయాన్ని నేను తక్కువ చేయడం లేదు. సెప్టెంబరు 17న ప్రకటించిన ప్యాకేజీ మన రాష్ట్రంలో అంతకుముందున్న లెక్కలకు చాలా మించినది. విజయవాడ ముంపు వార్డుల్లో కింది అంతస్తు ఇంటికి రూ.25,000, పై అంతస్తులవారికి రూ.10,000 ఇచ్చారు. చిన్న దుకాణాలకు, తోపుడుబండ్లకు, ఆటోలకు, చేనేత కార్మికులకు విడివిడిగా లెక్కలు కట్టారు. అంతకు ముందే 25 కిలోల బియ్యంతో పాటు కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లి, బంగాళాదుంప పంచారు. సెప్టెంబరు 25న బ్యాంకు ఖాతాల్లో డబ్బు పడింది. ఆ విడతలో ఇచ్చింది సుమారు రూ.602 కోట్లు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనలు మాత్రమే పాటించి ఉంటే, రెండు రోజులకు మించి మునిగిన ఇంటికి బట్టలకు రూ.2,500, వంటసామానుకు రూ.2,500 దగ్గర సాయం ఆగిపోయేది.

అయినా సెప్టెంబరు 1కీ 25కీ మధ్య మూడు వారాలకు పైగా కాలం ఉంది. లెక్కింపు, జాబితా, అభ్యంతరాలు, ఖాతాల సరిచూపు ఇవన్నీ జరగడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. తప్పు పట్టేవారు అదే పనిని అంతకంటే త్వరగా చేసి చూపడం కష్టం. నేను చెప్పేది వేరు. ఇంటిని బాగు చేసుకునే సాయం వేరు, మనిషి ఆ వారం గడవడానికి ఇచ్చే సాయం వేరు. మొదటిదానికి సర్వే కావాలి. రెండోదానికి అక్కరలేదు.

ఇంకో తేడా ఉంది. నష్టపరిహారాన్ని ఇంటి లెక్కన ఇస్తారు. కొడుకు ఇంట్లో వరండాలో మంచం వేసుకున్న తల్లి ఆ లెక్కలో కనిపించదు. ఇంటి పెద్ద పేరున ఖాతాలో పడిన పాతిక వేలలో ఆమె కళ్లజోడుకు, పోయిన చేతికర్రకు, మాత్రలకు వాటా ఉంటుందా లేదా అన్నది ఆ ఇంటి మనుషుల మంచితనం మీద ఆధారపడుతుంది. పింఛను అలా కాదు. అది ఆమె పేరున వస్తుంది, ఆమె చేతిలోనే పెడతారు. మనిషి లెక్కన డబ్బిచ్చే ఆలోచన విపత్తు నిర్వహణలోకి మెల్లగా వస్తోంది. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు పునరావాస కేంద్రాలకు వచ్చినవారికి మనిషికి రూ.1,000 చొప్పున, కుటుంబానికి రూ.3,000 మించకుండా ఇచ్చారు. మంచి అడుగే. కాని కేంద్రానికి నడిచి రాలేనివారికి, ఇల్లు వదలడానికి భయపడేవారికి అది అందదు. అలాంటివారిలో ఎక్కువమంది వృద్ధులే.

సర్కారు డబ్బు చేరేలోపు ఆ ఖాళీని ఎవరు పూడుస్తారు? అప్పిచ్చేవారు పూడుస్తారు. కృష్ణా జిల్లాలో వడ్డీని ఇప్పటికీ నెలకు, నూటికి ఇన్ని రూపాయలని లెక్కకడతారు. పది వేలు తెచ్చుకుంటే మూడు రూపాయల వడ్డీకి నెలకు రూ.300. పూచీ లేనివారికి, వయసు మీరినవారికి ఆ రేటు దొరకదు. పది రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రూ.1,000, అంటే పింఛనులో పావు వంతు. అసలు అలాగే ఉంటుంది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం ఈ ఊరు మరిచిపోలేదు. అవసరానికి తెచ్చిన చిన్న అప్పు ఎంత ఘోరానికి దారితీయగలదో అప్పుడు రాష్ట్రమంతా చూసింది. డ్వాక్రా సంఘాలు ఈ ఉచ్చు నుంచి లక్షల మంది ఆడవాళ్లను తప్పించాయి. కాని వయసు మళ్లి, కూలికి వెళ్లలేక, పొదుపు కట్టలేక సంఘం నుంచి తప్పుకున్న వృద్ధురాలికి ఆ తలుపు మూసుకుపోతుంది. 2009లో మొదలైన అభయహస్తం ఈ సమస్యను ముందే చూసింది. సంఘం సభ్యురాలు రోజుకు ఒక రూపాయి, ప్రభుత్వం ఒక రూపాయి వేస్తే అరవై దాటాక నెలకు కనీసం రూ.500 పింఛను వచ్చే పథకం అది. అది సాగి ఉంటే ఈనాడు ఎందరో వృద్ధురాళ్లకు రెండో ఆధారం ఉండేది. అది నిలవకపోవడం ఈ రాష్ట్ర మహిళా ఉద్యమానికి పెద్ద నష్టమని నా అభిప్రాయం.

డబ్బు కరువు ఆలోచనను కూడా కుదిస్తుంది. తమిళనాడు చెరకు రైతులపై జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. అదే రైతు పంట చేతికి రాకముందు, వచ్చిన తర్వాత రాసిన పరీక్షల్లో తేడా కనిపించింది. డబ్బు లేని రోజుల్లో ఏకాగ్రత, తర్కం తగ్గాయి. ఈ ఫలితం ఎంత బలమైనదన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య చర్చ ఉంది. కాని రేపటి మాత్రలకు డబ్బు లేనివారికి పదిరోజుల తర్వాతి వడ్డీని లెక్కగట్టే ఓపిక ఉండదని డెల్టాలో ఎవరిని అడిగినా చెబుతారు. ఉచ్చులోకి నెట్టేది ఆ తొందరే.

ఇప్పుడు పింఛను దారి సంగతి. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు కేంద్రం వృద్ధులకు నెలకు ఇచ్చింది రూ.75. ఈ రోజు కూడా 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం వాటా రూ.200, ఎనభై దాటితే రూ.500. మిగిలిన భారమంతా రాష్ట్రాలదే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 2 నుంచి రూ.1,000, 2019 జనవరిలో రూ.2,000, ఆ ఏడాది జులై నుంచి రూ.2,250, 2024 జనవరికి రూ.3,000 అయింది. అర్హత వయసు 65 నుంచి 60కి తగ్గింది. 2024 జులై 1న పెనుమాక గ్రామం నుంచి మొదలైన పంపిణీలో రూ.4,000 పింఛనుతో పాటు ఏప్రిల్ నుంచి రావలసిన పెంపు రూ.3,000 కలిపి ఏడు వేలు ఇచ్చారు. అన్ని రకాల పింఛనుదారులూ కలిపి 65 లక్షలకు పైగా మందికి, దాదాపు రూ.4,400 కోట్లు. అందులో అత్యధిక భాగం మొదటి రోజే చేరింది. ఒక రాష్ట్రం ఒక్కరోజులో ఇన్ని లక్షల గుమ్మాలకు నగదు చేర్చగలదంటే, ఆ సామర్థ్యం నెలకొక్కసారి మాత్రమే వాడుకోవలసినది కాదు.

ఈ దారి ఎంత సున్నితమైనదో అదే ఏడాది ఏప్రిల్ చూపించింది. అప్పటిదాకా ఇంటింటికీ పింఛను ఇస్తున్న వాలంటీర్లను పంపిణీకి దూరంగా ఉంచమని ఎన్నికల సంఘం మార్చి 30న ఆదేశించింది. ఏప్రిల్‌లో ఎందరో వృద్ధులు ఎండలో గ్రామ, వార్డు సచివాలయాలకు వచ్చి నిలబడ్డారు. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. అప్పుడు బ్యాంకుల దగ్గర వరుసలు కట్టారు. 2015 మే నెల వడగాడ్పులకు ఈ రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. చెమట పట్టే శక్తి తగ్గిన శరీరానికి రోహిణికార్తె ఎండలో గంటసేపు నిలబడటం ప్రాణాపాయమే. రాజకీయంగా ఎవరి తప్పు ఎంతన్న వాదన అప్పుడు చాలా జరిగింది. ఇక్కడ దాని జోలికి వెళ్లను. పేద వృద్ధులకు ఇచ్చే సాయంలో ఆఖరి అర కిలోమీటరు ఎవరు నడుస్తారన్నది చిన్న వివరం కాదు. పథకం ఉన్నట్టా లేనట్టా అన్నది అక్కడే తేలుతుంది.

గుమ్మం దాకా వెళ్లాక వేలిముద్ర దగ్గర మరో అడ్డంకి. వేలి గీతలు పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. వాటి నమూనా జీవితాంతం మారదు. మారేది వాటి ఎత్తు. వయసుతో చర్మం కింది పొరలో కొల్లాజెన్ తగ్గి, గీతల మిట్టపల్లాలు చదునవుతాయి. తేమ తగ్గి వేలు యంత్రపు అద్దానికి సరిగా ఆనదు. జీవితమంతా నాట్లు, కలుపు, కోతల్లో అరిగిన వేళ్లకు ఇది మరీ ఎక్కువ. పెడనలో మగ్గం మీద బతికినవారికీ, నాగాయలంకలో వలలు లాగినవారికీ అంతే. వరదలో మరో చిక్కు. నీళ్లలో ఎక్కువసేపు నానితే వేళ్లు ముడతలు పడతాయి. ఇది కేవలం చర్మం నానడం కాదు. నరాల ఆజ్ఞతో వేలి కొసల్లోని రక్తనాళాలు సంకోచించడం వల్ల ముడత ఏర్పడుతుంది. ఆరితే పోతుంది కానీ, ఆరేంత పొడి చోటు ఆ రోజు దొరకాలి కదా. అందుకే వేలిముద్ర, కనుపాప, ముఖం ఈ మూడింటిలో ఏదో ఒకటి సరిపోతే చాలనే పద్ధతి ఉండాలి. ఏదీ సరిపోకపోతే సచివాలయ ఉద్యోగి సంతకంతో, ఇరుగుపొరుగు సాక్ష్యంతో ఇచ్చే అధికారం ఉండాలి.

అలా వదిలేస్తే దొంగ లెక్కలు పెరుగుతాయన్న అనుమానం సహజం. దీనికి మన దగ్గరే జవాబుంది. 2010 నుంచి 2012 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలను లాటరీ పద్ధతిలో విడదీసి, స్మార్ట్‌కార్డులతో ఉపాధి కూలి, పింఛన్లు ఇచ్చి చూశారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ చేసిన ఈ అధ్యయనం 2016లో వెలువడింది. పింఛన్లలో పక్కదారి పట్టే డబ్బు దాదాపు సగానికి తగ్గింది. కూలి డబ్బు త్వరగా అందింది. అక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. కార్డు లేనివారికి డబ్బు ఆపలేదు. యంత్రం సాయపడింది కానీ కాపలా కాయలేదు. తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ ధ్రువీకరణను గట్టిగా అమలు చేసినప్పుడు, ఆధార్ జతకాని అసలైన లబ్ధిదారులు కొందరు సరుకులు కోల్పోయారని అదే పరిశోధకులు చూపారు. ఆపద సమయంలో మనకు కావలసింది మొదటి నమూనా. వరద వారంలో నాలుగు వేలు ఒకరికి పొరపాటున రెండుసార్లు అందితే ఖజానాకు జరిగే నష్టం చిన్నది. అర్హురాలైన ఒక్కరికి అందకపోతే ప్రాణమే పోవచ్చు.

ఇలాంటిది చేసి చూసిన దేశాలున్నాయి. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని తాకింది. తరతరాలుగా తెలుగువారితో సహా మన దేశం నుంచి వెళ్లిన కుటుంబాలున్న ద్వీపాలవి. అక్కడి ప్రభుత్వం కొత్త జాబితా తయారుచేయకుండా, అప్పటికే పేద కుటుంబాల సాయం, వృద్ధుల పింఛను పొందుతున్నవారికి అదనపు మొత్తం కలిపి పంపింది. బంగ్లాదేశ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2020 జులైలో జమున నది పొంగుతుందన్న అంచనా రాగానే, వరద గరిష్ఠానికి చేరకముందే ప్రపంచ ఆహార కార్యక్రమం వేలాది కుటుంబాలకు 4,500 టాకాల చొప్పున ఫోన్‌కు పంపింది. ఆ డబ్బు అందినవారిలో రోజంతా తిండి లేకుండా గడపవలసిన పరిస్థితి, అందనివారితో పోలిస్తే 36 శాతం తక్కువగా ఉన్నట్టు తర్వాతి పరిశీలనలో తేలింది. అదే నది, అవే నీళ్లు, అదే పేదరికం. మారింది డబ్బు అందిన తేదీ.

కృష్ణా డెల్టాలో ఈ పని చేయడానికి కొలత సిద్ధంగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక ఇస్తారు. నాగార్జునసాగర్, పులిచింతల నుంచి వదిలిన నీళ్లు బ్యారేజీకి చేరడానికి గంటల వ్యవధి పడుతుంది గనుక, మొదటి హెచ్చరిక ఎప్పుడు వస్తుందో అధికారులకు ముందే తెలుస్తుంది. ఇప్పుడా హెచ్చరికతో మత్స్యకారులను నదిలోకి వెళ్లవద్దంటారు, లంక గ్రామాలను అప్రమత్తం చేస్తారు. అదే హెచ్చరికతో పింఛను డబ్బు కూడా కదలాలి. ఏయే హెచ్చరికకు ఏయే సచివాలయాల పరిధి అన్నది వేసవిలోనే నిర్ణయించి ఉంచవచ్చు. పింఛనుదారుల పేర్లు, ఇళ్లు సిబ్బందికి ప్రతి నెలా తెలిసినవే.

బుడమేరుకు ఈ కొలత చాలదు. అది నదిలా రోజు ముందు కబురు పంపే ప్రవాహం కాదు. మైలవరం, జి.కొండూరు కొండల్లో పడ్డ వాన కొద్ది గంటల్లో ఊరి మీదికి వస్తుంది. దానికి వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరి మట్టంతో పాటు, ఎగువన పడిన వానను, కురవబోతుందని చెప్పిన వానను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అంచనా తప్పే అవకాశం ఇక్కడ ఎక్కువ. తప్పితే ఏమవుతుంది? వరద రాని ఒక వారంలో వృద్ధులు మందులు కొనుక్కుంటారు, పాత అప్పు కొంత తీరుస్తారు. ఆ తప్పును భరించవచ్చు. దివిసీమకు తుపాను విషయంలో ఇప్పుడు వ్యవధి మరింత ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు హెచ్చరిక జనంలో చాలామందికి చేరలేదు, పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను సంగతి రోజుల ముందే తెలుసు. అలాంటి రెండు మూడు రోజుల్లో కోడూరు, నాగాయలంక మండలాల్లో పింఛను మరోసారి పంచడం అసాధ్యమేమీ కాదు.

ఖర్చు లెక్క వేసి చూడండి. ఒక వరదకు యాభై వేల మంది వృద్ధులు ముప్పు ప్రాంతంలో ఉన్నారనుకుంటే, మనిషికి రూ.4,000 చొప్పున 20 కోట్లు. 2024 సెప్టెంబరు 25న ఒక్కరోజు పంచిన పరిహారంలో ఇది సుమారు 3 శాతం. ఈ మొత్తాన్ని వచ్చే నెల పింఛనులోంచి కోయకూడదని నా గట్టి అభిప్రాయం. ముందస్తుగా ఇచ్చి తర్వాత నెలలో మినహాయించుకుంటే ఆపద తీరదు, నెల రోజులు వాయిదా పడుతుంది. ఆ నెలలో మళ్లీ అప్పే దిక్కు. ఫిజీ ఇచ్చింది అదనపు మొత్తం, బదులు కాదు.

పింఛను జాబితాకే పరిమితమైతే బయట మిగిలేవారి మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. సాధారణంగా ఒక రేషన్ కార్డుకు ఒకే పింఛను అన్న నిబంధన వల్ల వృద్ధ దంపతుల్లో ఒకరికే పింఛను వస్తుంది. ఆపద సాయంలో ఆ నిబంధన పక్కన పెట్టాలి. రేషన్ కార్డులో 60 దాటిన ప్రతి మనిషికీ ఇవ్వాలి. వయసు కార్డులోనే ఉంటుంది. కార్డు కూడా లేనివారు, రైల్వే స్టేషన్ దగ్గరా గుళ్ల ముందూ కాలువ గట్ల మీదా ఉండేవారు, ఏ జాబితాలోనూ దొరకరు. వారిని నగరపాలక సంస్థ నడిపే నిరాశ్రయుల వసతి గృహాల ద్వారా, ఊళ్లోని స్వచ్ఛంద సంస్థల ద్వారా చేరవలసిందే. వరద రాకముందు వారిని ఎవరైనా తెలుసుకుని ఉంటేనే అది సాధ్యం.

వరద కాని ఆపదలు ఇంకా ఎక్కువ. పింఛను వస్తున్న భర్త చనిపోతే ఆ నెల నుంచే ఇంట్లో డబ్బు ఆగుతుంది. కర్మకాండల ఖర్చు, అప్పులవాళ్లు, ఒంటరితనం ఒకేసారి మీద పడతాయి. 2024 చివర నుంచి అలాంటి భార్యకు కొత్త మంజూరుల కోసం ఏళ్లు వేచి చూడకుండా పింఛను మార్చి ఇవ్వడం మొదలైంది. ఏదైనా కారణంతో ఒకటి రెండు నెలలు ఊళ్లో లేకపోయినా ఆ మొత్తం కలిపి తర్వాత తీసుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. ఆస్పత్రి పాలైన వృద్ధులకు ఈ రెండోది చాలా ముఖ్యమైన మార్పు. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా రూ.5 లక్షల వైద్యం 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్‌లో ఉంది. కాని అది ఆస్పత్రి బిల్లుకు పనికొస్తుంది. తోడున్న మనిషి తిండికి, దారి ఖర్చుకు, ఇంటికొచ్చాక నెల రోజుల మందులకు చేతిలో నగదు కావాలి.

పిల్లలు చూడనివారికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. రెవెన్యూ డివిజన్ స్థాయిలో ట్రైబ్యునల్ ఉంటుంది. వకీలు లేకుండా తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు. నోటీసు వెళ్లిన 90 రోజుల్లో తేల్చాలి. తొంభై రోజులు ఆకలితో ఆగలేరని చట్టం చేసినవారికీ తెలుసు. అందుకే విచారణ సాగుతుండగానే మధ్యంతర పోషణ భృతి ఇప్పించే అధికారం ట్రైబ్యునల్‌కు 5వ సెక్షన్‌లోనే ఇచ్చారు. అర్జీ రాసేటప్పుడు అది విడిగా అడగవచ్చని చాలామంది వృద్ధులకు తెలియదు. ఇల్లు రాసిచ్చిన తర్వాత గెంటేస్తే, చూసుకోవాలన్న షరతు పత్రంలో ఉన్నప్పుడు ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. ఏం చేయాలో తెలియనివారు 14567 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆ నంబరును, మధ్యంతర భృతి అడిగే హక్కును పింఛను ఇచ్చే రోజున సచివాలయ సిబ్బంది ప్రతి ఇంట్లో ఒక్కసారి చదివి వినిపించినా, మరుసటి వారం ట్రైబ్యునళ్లకు వచ్చే అర్జీలు మారతాయి.